నిర్మాణక్రమం – ప్రదర్శనక్రమం: 'పాకెట్ మాన్‌స్టర్స్' తొలి నమూనాల పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక కృతి పాఠకుని చేతికి అందేనాటికి దాని నిర్మాణదశలు చాలావరకు మరుగున పడిపోతాయి. మిగిలిన జాడలను బట్టి ఏ భాగం ముందు పుట్టింది, ఏది తరువాత చేరింది, ఏది తొలగింది అని నిర్ణయించడం పాఠపరిష్కర్త పని. తాళపత్ర ప్రతులను సరిపోల్చడంలో రూపుదిద్దుకొన్న ఈ విచారణపద్ధతి అక్షరరూప గ్రంథాలకే పరిమితం కానక్కరలేదు. బహుజన కర్తృత్వంతో, దీర్ఘకాలం నిర్మితమై, నిర్మాణపు ఆనవాళ్లను తనలోనే దాచుకొన్న ఏ కృతికైనా అది వర్తిస్తుంది. అటువంటి కృతులలో వీడియో గేమ్ ఒకటి.

1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో 'పాకెట్ మాన్‌స్టర్స్' అనే ఆట 'రెడ్', 'గ్రీన్' అనే రెండు ప్రతులుగా నింటెండో సంస్థ గేమ్ బాయ్ యంత్రం కోసం విడుదలైంది. పోకెమాన్ అనే పొట్టిపేరుతో లోకప్రసిద్ధి పొందినది ఇదే. ఆటగాడు ఊరూరా తిరుగుతూ వింతజీవులను పట్టి, పెంచి, పోటీలలో నిలిపి, ఇతరులతో మార్పిడి చేసుకోవడం ఇందులోని ప్రధాన వ్యాపారం. జీవులు మొత్తం 151. ఇవి ఆటగానికి కనిపించే క్రమం ఒకటి, రూపొందిన క్రమం మరొకటి. ఈ రెండింటి మధ్య గల అంతరాన్ని పరిశీలించి, ఆటలో 'మూలరూపాలు'గా కనిపించే జీవులు అనేక సందర్భాలలో నిర్మాణంలో తరువాతివని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గుళికలోని జీవి: తొలి ప్రతిపాదన

ఈ ఆటకు మూలపురుషుడు సతోషి తజిరి. టోక్యో శివారు మచిదాలో పెరిగిన ఆయనకు బాల్యంలో పురుగులను సేకరించడం వ్యసనం. 1983లో 'గేమ్ ఫ్రీక్' పేరుతో వీడియో గేములను గురించిన చిన్న పత్రికను ప్రారంభించాడు. దానికి బొమ్మలు గీసిన కెన్ సుగిమోరి తరువాత ఈ ఆట ప్రధాన చిత్రకారుడయ్యాడు. పత్రిక 1989లో అదే పేరుతో గేములను నిర్మించే సంస్థగా మారింది.

1990లో ఈ బృందం సిద్ధం చేసిన ప్రతిపాదన పేరు 'క్యాప్సూల్ మాన్‌స్టర్స్'. నాణెం వేస్తే గుళికలో బొమ్మ రాలిపడే యంత్రాలు జపాన్ వీధులలో పిల్లలకు సుపరిచితాలు. 1967 నాటి 'అల్ట్రాసెవెన్' అనే టెలివిజన్ ధారావాహికలో నాయకుడు గుళికలనుండి మహాకాయ జంతువులను వెలికి రప్పించి పోరాడిస్తాడు. పురుగుల సేకరణ, గుళిక బొమ్మలు, మహాకాయ జంతువుల కథలు అనే మూడు బాల్యస్మృతులు ఈ ప్రతిపాదనలో ఒక్కచోట చేరాయి. రెండు గేమ్ బాయ్ యంత్రాలను కలిపే తీగ వీటికి మార్పిడి అనే సూత్రాన్ని జోడించింది. వ్యాపారచిహ్నానికి సంబంధించిన చిక్కుల వల్ల పేరు మారింది. ప్రతిపాదననుండి విడుదల వరకు సుమారు ఆరు సంవత్సరాలు పట్టింది. ఈ ఆరేండ్ల కాలంలో జీవుల జాబితా ఎలా పెరిగిందో చెప్పే ప్రధానసాక్ష్యం ఆట లోపలే ఉంది.

రెండు సంఖ్యాక్రమాలు

ఆటలో ప్రతి జీవికి రెండు సంఖ్యలుంటాయి. ఒకటి ఆటగానికి కనిపించే పట్టిక సంఖ్య. రెండవది ప్రోగ్రామ్ తన అవసరానికి వాడుకొనే అంతర్గత సంఖ్య. పట్టికలో మొదటి స్థానం బల్బాసార్ అనే మొక్కజీవిది. ఖడ్గమృగాన్ని పోలి రెండు కాళ్లపై నిలిచే రైడాన్‌ది 112వ స్థానం. అంతర్గత క్రమంలో దీనికి భిన్నంగా రైడాన్ సంఖ్య 1, బల్బాసార్ సంఖ్య 153. తాము మొట్టమొదట రూపొందించిన జీవి రైడాన్ అని సుగిమోరి స్వయంగా చెప్పి ఉన్నందున, అంతర్గత క్రమం స్థూలంగా నిర్మాణక్రమాన్ని సూచిస్తుందని భావించడానికి బాహ్యసాక్ష్యం కూడా లభిస్తున్నది.

ఈ దృష్టితో చూసినప్పుడు మొదటి పది సంఖ్యలలో రైడాన్, కంగస్కాన్, నిడోకింగ్ వంటి భారీకాయాలు కనిపిస్తాయి. జపాన్ చలనచిత్రాలలోని మహాకాయ జంతువుల ఛాయ వీటిలో స్పష్టం. అయితే నాలుగవ సంఖ్య క్లెఫేరీ అనే ముద్దులొలికే చిన్నజీవిది. భీకరం, సుకుమారం అనే రెండు ధోరణులూ తొలిదశనుండే పక్కపక్కన ఉన్నాయని దీనివల్ల తెలుస్తున్నది.

ఆటలో 'పరిణామం' అనే నియమం ఉంది. బలం పెరిగినకొద్దీ ఒక జీవి మరొక రూపానికి మారుతుంది. అంతర్గత క్రమంలో ఈ కుటుంబాల అమరిక మిక్కిలి గమనార్హం. తాబేలు కుటుంబంలో తుదిరూపమైన బ్లాస్టాయిస్ సంఖ్య 28 కాగా, దాని శిశురూపమైన స్క్విర్టిల్ సంఖ్య 177. భయంకర జలసర్పమైన గ్యారడోస్ 22, దానికి మునుపటి రూపమైన నిర్బల మత్స్యం మ్యాజికార్ప్ 133. స్లోబ్రో 8, స్లోపోక్ 37. దయ్యాల కుటుంబంలో చివరిదైన గెంగార్ 14, మొదటిదైన గ్యాస్ట్లీ 25, నడిమిదైన హాంటర్ 147. బల్బాసార్ కుటుంబంలో మధ్యరూపమైన ఐవీసార్ 9 కాగా, ఆద్యంతరూపాలు 153, 154.

పై ఉదాహరణలలో ప్రౌఢరూపం ముందు, శైశవం తరువాత ఉన్నాయి. జలప్రవాహాన్ని ఎదిరించిన చేప డ్రాగన్‌గా మారిందన్న చైనా గాథ మ్యాజికార్ప్, గ్యారడోస్‌ల సంబంధానికి ఆధారమని ప్రసిద్ధి. కాని సంఖ్యలను బట్టి డ్రాగన్ ముందు పుట్టి, చేప తరువాత వచ్చి చేరినట్లున్నది.

82వ సంఖ్య దాటిన తరువాత అమరిక మారుతుంది. వల్పిక్స్, నైన్‌టేల్స్ 82, 83; పికాచూ, రైచూ 84, 85; కబూటో, కబూటాప్స్ 90, 91; హార్సీ, సీడ్రా 92, 93. ఈవీ, దాని మూడు పరిణామరూపాలు 102నుండి 105వరకు వరుసగా ఉన్నాయి. తొలిదశలో విడివిడిగా పుట్టిన జీవులు ఈ దశలో కుటుంబాలుగానే పుట్టాయి. పరిణామం అనే నియమం నిర్మాతల రూపకల్పనా పద్ధతిలో స్థిరపడిన తీరు ఈ మార్పులో వ్యక్తమవుతున్నది. అంతకుముందు చేసిన ఒంటరి జీవులకు వెనుకనుండి పూర్వరూపాలను కల్పించి ఈ నియమంలోకి తెచ్చారని ఊహించడం యుక్తం.

ఆట ఆరంభంలో ఆటగాడు ఎన్నుకోవలసిన మూడు జీవులలో రెండు, చార్మాండర్, స్క్విర్టిల్, అంతర్గత క్రమంలో 176, 177 సంఖ్యలు గలవి. మూడవదైన బల్బాసార్ 153. అనగా ఆటగాడు మొట్టమొదట చూసేవి జాబితా చివరిభాగానికి చెందినవి. గ్రంథానికి పీఠిక చివర రాసినా పాఠకుడు ముందు చదివినట్లే ఇది.

గ్రంథపాతాలు

అంతర్గత సంఖ్యలు 190 వరకు ఉన్నాయి. జీవులు 151 మాత్రమే. మిగిలిన 39 సంఖ్యలకు పట్టికలో స్థానం లేదు. జపనీస్ ప్రతిలో వీటికి 'లేని సంఖ్య' అనే అర్థమిచ్చే పేరు ఉంది. ఆంగ్లప్రతిలో 'మిస్సింగ్‌నో' అన్నారు. వీటిలో మూడింటిని రెండు శిలాజాల బొమ్మలకు, ఒక దయ్యం బొమ్మకు వినియోగించారు. తక్కినవాటికి రూపం లేదు, సొంతపేరు లేదు.

ఈ ఖాళీలు వరుస చివర కాక జాబితా మధ్యలో, ఒక్కొక్కచోట జంటలుగా ఉన్నాయి. రాయవలసినది రాయక వదిలిన తావుకు, రాసినది చెరిగిపోయిన తావుకు భేదం ఉంది. ఇవి రెండవ కోవకు చెందినవనడానికి ఆధారం శబ్దం. ప్రతి జీవికి ఒక అరుపు ఉంటుంది. రూపం లేని ఈ సంఖ్యలలో కొన్నింటికి అరుపుకు సంబంధించిన సమాచారం అలాగే మిగిలి ఉంది. జీవి తొలగినా గొంతు మిగిలింది. పరిష్కర్తలు గ్రంథపాతం అని గుర్తించే స్థలంలో ఛందస్సును బట్టి లుప్తమైన అక్షరాల సంఖ్య తెలిసినట్లు, ఇక్కడ శబ్దాన్ని బట్టి లుప్తమైన జీవి ఉనికి తెలుస్తున్నది. అయితే ఉనికి తెలిసినంతమాత్రాన రూపం తెలిసినట్లు కాదు. ఈ సరిహద్దును పరిశోధకుడు దాటరాదు.

ప్రక్షిప్త సమస్య: మ్యూ

అంతర్గత క్రమాన్ని కాలక్రమంగా గ్రహించడంలో ఉన్న ప్రమాదాన్ని 'మ్యూ' అనే జీవి హెచ్చరిస్తున్నది. దీని అంతర్గత సంఖ్య 21. దీన్నిబట్టి మ్యూ తొలిదశకు చెందినదని నిర్ణయించవలసి వస్తుంది. కాని దీనిని ఆటలో చేర్చిన ప్రోగ్రామర్ షిగెకి మొరిమోతో కథనం భిన్నమైనది. లోపాలను పరీక్షించే ఉపకరణాలను తొలగించగా కార్ట్రిడ్జ్‌లో సుమారు 300 బైట్ల చోటు మిగిలింది. నిర్మాణం ముగిసే దశలో ఆ చోటులో మ్యూను చేర్చారు. సాధారణంగా ఆడేవారికి అది లభించదు.

సంఖ్య ప్రాచీనతను చెబుతుండగా సాక్ష్యం అర్వాచీనతను చెబుతున్నది. తొలినాటి ఆలోచనకే చివర రూపం ఇచ్చి ఉండవచ్చు, ఖాళీ అయిన పాత సంఖ్యను కొత్తజీవికి వాడుకొని ఉండవచ్చు. సంఖ్య ఒక్కటే ఈ రెండింటిలో ఏదో తేల్చలేదు. పాతప్రతిలో కనిపించినంతమాత్రాన పద్యం ప్రాచీనం కానట్లే, పాతసంఖ్య ఉన్నంతమాత్రాన జీవి ప్రాచీనం కాదు. అంతర్గత సాక్ష్యాన్ని నిర్మాతల వాఙ్మూలంతో సరిచూడవలసిన ఆవశ్యకత ఇక్కడ రుజువవుతున్నది.

పరిత్యక్త రూపం: గోరోచూ

నిర్మాతల వాఙ్మూలం వల్లనే తెలిసిన లుప్తరూపానికి గోరోచూ ఉదాహరణ. పికాచూ రూపకర్త్రి అత్సుకో నిషిదా. బియ్యప్పిండితో చేసే దైఫుకు అనే గుండ్రని మిఠాయికి చెవులు మొలిచినట్లున్న ఆకారం తన తొలి ఊహ అని, ఆహారాన్ని దాచుకొనే ఉడుత బుగ్గలనుండి విద్యుత్తును దాచుకొనే బుగ్గలు పుట్టాయని ఆమె 2018లో యొమియురి షింబున్ పత్రికా సంభాషణలో వివరించారు. ఎలుక అనే వర్గీకరణ తరువాతిది. పికాచూ, రైచూల పైన కోరలు, కొమ్ములు గల గోరోచూ అనే మూడవరూపం ఉండేదని, ఆట సమతుల్యం దృష్ట్యా దానిని విడిచిపెట్టారని కూడా అప్పుడే వెల్లడైంది. అంతర్గత క్రమంలో రైచూ తరువాతి రెండు సంఖ్యలు, 86, 87, ఖాళీగా ఉన్నాయి. వాఙ్మూలానికి, ఖాళీకి పొంతన ఆకర్షణీయమే అయినా నిర్ణాయకం కాదు.

ఆ మూడవరూపం నిలిచి ఉంటే పికాచూ ఒక భీకరజీవికి బాల్యదశగా మిగిలేది. తొలగింపు కూడా రచనలో భాగమే.

1997 నాటి ప్రదర్శనప్రతి

తరువాతి ఆటలైన 'గోల్డ్', 'సిల్వర్' 1999 నవంబరు 21న వెలువడ్డాయి. అంతకు రెండేండ్ల ముందు, 1997 నవంబరులో, చిబాలోని మకుహరి మెస్సేలో జరిగిన స్పేస్ వరల్డ్ ప్రదర్శనలో వీటి అసంపూర్ణప్రతిని సందర్శకులు ఆడి చూశారు. ఆ ప్రతిలోని దత్తాంశం 2018 మే నెలాఖరులో అనధికారికంగా బయటపడింది. రెండు పాఠాలను సరిపోల్చడానికి అప్పుడు అవకాశం కలిగింది.

ప్రదర్శనప్రతిలో ఆరంభజీవులుగా హప్పా అనే ఆకుజీవి, హొనోగుమా అనే అగ్నిభల్లూకం, కురుసు అనే జలజీవి ఉన్నాయి. తుదిప్రతిలో హప్పా పోలికలు చికోరిటాలో నిలిచాయి. తక్కిన రెండింటి స్థానంలో వేరే జీవులు వచ్చాయి. కొటోరా అనే విద్యుత్ పులిపిల్ల పూర్తిగా తొలగింది. మొదట ఆటలోని దేశపటం జపాన్ ఆకృతిలో ఉండగా తుదిప్రతిలో అదీ మారింది. ఇది అక్షరదోషాలను సవరించిన ముద్రణ కాదు, పునర్లిఖితమైన కావ్యం.

జిరాఫారిగ్ అనే జీవి చరిత్ర మరొక విశేషాన్ని చూపుతుంది. ప్రదర్శనప్రతిలో ఇది కవలలను స్ఫురింపజేసే పేరుతో, ఇరువైపులా తలలుగల రూపంలో ఉంది. తుదిరూపం ఒకవైపు జిరాఫీ, మరొకవైపు తోకకు మొలిచిన చిన్నతల. జపనీస్‌లో దీని పేరు 'కిరిన్‌రికి'. ఆ లిపిలో ముందునుండి చదివినా వెనుకనుండి చదివినా ఒక్కటే. 'వికటకవి' అనే మాటను ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ చమత్కారం వేరుగా వివరించనక్కరలేదు. శరీరంలో తగ్గిన సమరూపత పేరులోకి చేరింది.

ముగింపు

పై పరిశీలనవల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఆట చూపే జన్యజనక సంబంధం నిర్మాణంలో అనేకచోట్ల తలకిందులుగా ఉంది. మూలం అని కనిపించేది తరచు తుదిరూపానికి తరువాత కల్పించిన పూర్వకథ. రెండవది, ఖాళీలు కూడా సాక్ష్యాలే, అయితే అవి ఉనికిని చెబుతాయి గాని రూపాన్ని చెప్పవు. మూడవది, అంతర్గత సాక్ష్యానికి, నిర్మాతల వాఙ్మూలానికి విరోధం వచ్చినచోట రెండింటినీ నిలిపి చూపడమే శాస్త్రీయం.

వీటితోపాటు ఒక నైతికప్రశ్న మిగులుతుంది. 1997 నాటి ప్రతిని దాని నిర్మాతలు ఈనాటి పాఠకుల కోసం విడుదల చేయలేదు. విడిచిపెట్టిన రూపాన్ని సాక్ష్యంగా పరిశీలించడం వేరు, దానినే అసలు కృతిగా నిలిపి తుదికృతిని న్యూనపరచడం వేరు. పరిశోధకుడు మొదటిదానికే అధికారి.

ఈ ప్రశ్న తెలుగు పరిశోధనకు దూరమైనది కాదు. కలంతో రాసిన రచయిత కొట్టివేతలు కాగితంపై మిగిలాయి. కంప్యూటర్‌పై రాసే రచయిత ప్రతి దిద్దుబాటుతో పూర్వపాఠాన్ని తానే చెరిపివేస్తున్నాడు. 512 కిలోబైట్ల కార్ట్రిడ్జ్ తన లుప్తజీవుల సంఖ్యలను దాచుకొన్నది గనుక వాటి చరిత్రను ఇంతమాత్రమైనా రాయడం సాధ్యమైంది. నేటి తెలుగు రచనల పూర్వపాఠాలను రచయితల అనుమతితో సేకరించి భద్రపరచే ప్రయత్నం జరగకపోతే, రేపటి పరిష్కర్తకు ఖాళీ సంఖ్యలు కూడా మిగలవు.