లేజర్ కట్ బొమ్మరిల్లు కిట్

లేజర్ కట్ బొమ్మరిల్లు కిట్ అంటే గోడలు, అంతస్తులు, మెట్లు, కిటికీలు, పైకప్పు విడివిడి ముక్కలుగా లేజర్ యంత్రంతో కోసి, కొన్నవారు ఇంట్లోనే కూర్చుకునేలా ఇచ్చే చిన్న ఇంటి సామగ్రి. సాధారణంగా 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్‌తో (చెక్క పీచును అదిమి చేసే పలక) తయారవుతుంది. పిల్లల ఆటకు, పెద్దల సరదాకు, సంక్రాంతి, దసరా బొమ్మల కొలువుల్లో పల్లె దృశ్యాలు అమర్చడానికి పనికొస్తుంది.

చరిత్ర

యూరప్‌లో తొలినాటి బొమ్మరిళ్లను సంపన్నులు తమ ఐశ్వర్యం చూపుకోవడానికి చేయించుకున్నారు. బవేరియా డ్యూక్ ఐదో ఆల్‌బ్రెక్ట్ 1557–58లో చేయించినది వీటిలో పేరుపొందింది. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్‌ను రూపొందించిన ఎడ్విన్ లుటియెన్స్, బ్రిటన్ రాణి మేరీ కోసం గీసిన బొమ్మరిల్లు 1924లో పూర్తయింది. 1:12 కొలతలో కట్టిన ఆ ఇల్లు ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది.

తెలుగునాట బొమ్మల కొలువులకు కొండపల్లి, నిర్మల్ బొమ్మలు ప్రసిద్ధి. రెండు చోట్లా తేలికైన పొణికి చెక్కనే వాడతారు. కొండపల్లి కళాకారులు విడిగా చెక్కిన అవయవాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కిట్‌లో చెక్కే పని యంత్రానిది, అతికే పని ఇంట్లోవారిది.

కోత జరిగే తీరు

ప్లైవుడ్, ఎండీఎఫ్, యాక్రిలిక్ కోయడానికి కార్బన్ డయాక్సైడ్ లేజర్ వాడతారు. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన సి. కుమార్ ఎన్. పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో దీన్ని కనిపెట్టారు. దీని కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 10.6 మైక్రోమీటర్లు. చెక్క ఆ కాంతిని బాగా పీల్చుకుని, కిరణం తగిలిన గీత వెంబడే కాలిపోతుంది. అంచులు నల్లబడటానికి కారణం ఇదే.

కిరణం వెళ్లిన దారిలో 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మేర చెక్క పోతుంది. నమూనా గీసేటప్పుడు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ముక్కలు ఒకదానిలో ఒకటి దిగే గాళ్లు వదులవుతాయి. 3 మిల్లీమీటర్లని అమ్మే పలక నిజానికి కాస్త పలచగానో మందంగానో ఉండొచ్చు. అందుకే మంచి తయారీదారులు ముందు చిన్న ముక్కపై కోసి, అంచున పన్నులా పొడుచుకొచ్చిన భాగం గాడిలో బిగుతుగా కూర్చుంటుందో లేదో చూస్తారు. పీవీసీ పలకను, మార్కెట్లో సన్‌బోర్డు పేరుతో దొరికే పీవీసీ ఫోమ్ షీటును లేజర్‌తో కోయకూడదు. కాలినప్పుడు వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, యంత్రాన్నీ తుప్పు పట్టిస్తుంది.

కొలత ఎంపిక

కొనేముందు తేల్చుకోవలసింది కొలత. 1:12లో అసలు ఇంటి ఒక అడుగు నమూనాలో ఒక అంగుళం అవుతుంది. పది అడుగుల ఎత్తు గది పది అంగుళాలకు వస్తుంది. 1:24లో అదే గది ఐదు అంగుళాలే కాబట్టి అపార్ట్‌మెంట్ అల్మారాలో ఇమిడిపోతుంది. బార్బీ బొమ్మలకు 1:6 కావాలి. ఆ లెక్కన ముప్పై అడుగుల ఇంటి ముఖభాగం ఐదడుగుల వెడల్పు తీసుకుంటుంది. కొలువు కోసమైతే ఇంట్లో ఉన్న బొమ్మల్లో పొడవైనదాన్ని కొలిచి, అది గుమ్మంలో పట్టే కిట్ తీసుకోవాలి.

చెక్క ఎంపిక

బర్చ్ ప్లైవుడ్ ఖరీదైనది, గట్టిది. ఎండీఎఫ్ నునుపుగా ఉండి రంగు చక్కగా పట్టుకుంటుంది, కానీ తడి తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బిన అంచు మళ్లీ మామూలు స్థితికి రాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువగా ఉండే తెలంగాణలో ఎండీఎఫ్ ఇంటికి లోపలా బయటా ప్రైమర్ తప్పనిసరి. పలచని ప్లైవుడ్‌ను నిలబెట్టి ఉంచితే వంగిపోతుంది. కూర్చేదాకా నేలపై పరచి, పైన బరువు పెట్టాలి.

కూర్చే క్రమం

ముక్కలపై చెక్కిన అంకెలను సూచనల పత్రంతో సరిచూసుకోవాలి. అవసరం వచ్చేదాకా ముక్కలను షీటు నుంచి విడదీయకూడదు. విడదీసేటప్పుడు పట్టి ఉంచిన సన్నని కొనలను బ్లేడుతో కోయాలి. నల్లని అంచులను ఉప్పుకాగితంతో రుద్ది, పొడి తుడిచేయాలి. మసిపై నేరుగా తెల్లరంగు వేస్తే గోధుమరంగు మరకలు పైకి తేలుతాయి.

తర్వాత జిగురు లేకుండా ఇల్లంతా ఒకసారి బిగించి చూడాలి. రంగులు, గోడ కాగితం, నేల పలకలు, విద్యుత్ తీగలు గోడలు విడిగా ఉన్నప్పుడే పూర్తిచేస్తే చెయ్యి పట్టని మూలలు మిగలవు. గాళ్లలోకి దిగే అంచులకు మాత్రం టేపు అంటించి రంగు తగలకుండా చూడాలి. రంగు పొర కూడా మందాన్ని పెంచుతుంది.

అతకడానికి ఫెవికాల్ వంటి తెల్ల జిగురు మంచిది. ఆరడానికి సమయం పడుతుంది కాబట్టి వంకరను సరిచేసుకునే వీలుంటుంది. ఫెవిక్విక్ లాంటివి క్షణాల్లో పట్టేస్తాయి, చుట్టూ తెల్లని పొర మిగులుస్తాయి. మూలలను మూలమట్టంతో సరిచూసి, మాస్కింగ్ టేపుతో బిగించాలి. మెట్లను పక్కగోడ మూయకముందే అమర్చాలి. పైకప్పు చివర పెట్టాలి. సందులు మిగిలితే లప్పం పూసి రుద్దాలి.

భద్రత

14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. విద్యుత్తుతో పనిచేయని బొమ్మలకు ఐఎస్ 9873, విద్యుత్ బొమ్మలకు ఐఎస్ 15644 ప్రమాణాలు వర్తిస్తాయి. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఉంది. గృహ రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదని 2016 నిబంధనలు చెబుతున్నాయి. మూడేళ్లలోపు పిల్లలకు చిన్న ముక్కలున్న ఇల్లు ఇవ్వకూడదు. దీపాలకు బటన్ సెల్ వాడితే ఆ గూటికి స్క్రూ మూత ఉండాలి. మింగిన సెల్ కొద్ది గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది.

తెల్లాపూర్ పరిసరాల్లో

సంగారెడ్డి జిల్లాలోని తెల్లాపూర్‌కు ఒక పక్క ఐటీ కారిడార్, మరోపక్క రామచంద్రాపురం, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాలు ఉన్నాయి. ఇక్కడ సొంత నమూనా గీసుకుని కోయించుకోదలచినవారు ముందు యంత్రం రకం అడగాలి. ఇనుప, స్టీలు రేకులు కోసే యూనిట్లలో ఎక్కువగా ఉండేది ఫైబర్ లేజర్. దాని తరంగదైర్ఘ్యం సుమారు 1.06 మైక్రోమీటర్లు కావడంతో చెక్క కోతకు పనికిరాదు. యాక్రిలిక్ నేమ్‌ప్లేట్లు, సైన్‌బోర్డులు చేసే దుకాణాల్లో వాడే కార్బన్ డయాక్సైడ్ యంత్రం దీనికి తగినది. నమూనాను డీఎక్స్‌ఎఫ్ లేదా ఎస్‌వీజీ ఫైలుగా, పలక అసలు మందంతో సహా ఇవ్వాలి. తెలంగాణ ప్రభుత్వం రాయదుర్గంలో నెలకొల్పిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ 2023 మార్చి 2న 78 వేల చదరపు అడుగుల్లో ప్రారంభమైంది. లేజర్ కోత సదుపాయం అక్కడ కూడా ఉంది.