పొడుపు కథల పోటీ: కుండల్‌వాడి సరిహద్దు సీమ

పొడుపు కథల పోటీ అంటే ఒకరు పొడిస్తే ఇంకొకరు విప్పే మాటల ఆట. పలక, పుస్తకం, పందెం సొమ్ము ఏవీ అక్కర్లేదు. విప్పలేనివారు ఓడిపోయామని ఒప్పుకున్నాకే జవాబు బయటికి వస్తుంది, విప్పినవారికి తిరిగి పొడిచే వంతు దక్కుతుంది. నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న కుండల్‌వాడి ఈ ఆట చరిత్రను ఆలోచించడానికి అనువైన చోటు. ఇది 1948 దాకా నిజాం ఏలుబడిలోని సీమ. 1956 నవంబరు 1న నాందేడ్ జిల్లాలో ఎక్కువ భాగం బొంబాయి రాష్ట్రానికి పోగా, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 1960లో కుండల్‌వాడి మహారాష్ట్రది అయింది. గీత ఎక్కడ గీసినా దానికి ఇటూ అటూ తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ కలిసే వినబడ్డాయి. పొడుపు కథే ముదిరి క్విజ్ అయిందని, రెండూ ఒకే ఆటకు పాత, కొత్త రూపాలని అనుకోవడం మామూలు. ఈ సీమను దృష్టిలో పెట్టుకుంటే ఆ మాట నిలవదు. పొడుపు కథ అందరికీ తెలిసినదాన్ని మరుగుపరచి అడుగుతుంది. క్విజ్ కొందరికే తెలిసినదాన్ని బాహాటంగా అడుగుతుంది. మొదటిదానికి ఊరి బతుకు చాలు, రెండోదానికి బడీ అచ్చూ కావాలి.

పొడుపు కథకు వయసు చాలా ఉంది. ఋగ్వేదం మొదటి మండలంలో దీర్ఘతముడి పేర ఉన్న 164వ సూక్తం చిక్కుప్రశ్నల దొంతర. అశ్వమేధంలో ఋత్విజులు ఒకరినొకరు ప్రశ్నించుకునే బ్రహ్మోద్యం యాగంలో ఒక భాగమే. దండి కావ్యాదర్శంలో 16 రకాల ప్రహేళికలను, అంటే సంస్కృత పొడుపు కథలను, లెక్కగట్టాడు, కామసూత్రం ప్రహేళికను 64 కళల్లో చేర్చింది. జవాబు ప్రశ్నలోనే దాగి ఉంటే అంతర్లాపిక అని, బయట వెతుక్కోవాల్సి వస్తే బహిర్లాపిక అని పండితులు విడదీశారు. తెలుగులో ఈ వేడుక చాటుపద్యాల్లోకి పాకింది. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరి కూర్చకపోతే వాటిలో చాలా మనదాకా వచ్చేవి కావు. అయితే పండితుల లెక్కల్లోకి ఎక్కనిదే అసలు పెద్ద నిధి. కల్లంలో, కట్టమీద, దీపాలు పెట్టాక అరుగుల మీద పొడిచినవి అవి. వాటిలోని వస్తువులు చూడండి: కొబ్బరికాయ, దీపం, తిరగలి, ఉల్లిగడ్డ, మిరపకాయ, పత్తికాయ, నీడ. వీటిలో ఒక్కటైనా వినేవాడు ఎరగనిది కాదు. తెలియక ఓడిపోడు, తెలిసినదాన్ని గుర్తుపట్టలేక ఓడిపోతాడు.

సరిహద్దు సీమలో దీని ఫలితం ఆసక్తికరంగా ఉంటుంది. పోలిక మీద నిలబడ్డ పొడుపు కథ భాష మారినా చెడదు. ధర్మాబాద్ మిర్చి బజారును ఎరిగిన పిల్లకు ఎర్రటి మిరపకాయను తెలుగులో పొడిచినా ఒకటే, మరాఠీ ‘కోడె’గా వేసినా ఒకటే. నల్లరేగడిలో పత్తి పగలడం ఏ భాషవారికైనా తెల్లగానే కనిపిస్తుంది. అక్షరాల మీద నడిచేవి వేరు. మొదటి అక్షరం తీస్తే ఒకటి, చివరిది తీస్తే ఇంకొకటి అనే రకం పొడుపులు గీత దాటగానే చచ్చిపోతాయి. ఆచారాలు కూడా ఈ సీమలో దగ్గరగానే ఉన్నాయి. మరాఠీ పెళ్లిళ్లలో ‘ఉఖాణా’ పేర భర్త పేరును పద్యంలో పొదిగి చెప్పించే వేడుక ఉంది. తెలుగిళ్లలో గడప దగ్గర ఆపి పేర్లు చెప్పిస్తారు. రెండింటిలోనూ చెప్పాల్సిన పేరు అక్కడున్న ప్రతివారికీ ముందే తెలుసు. తెలిసినదాన్ని ఎంత ముచ్చటగా మరుగుపరిచారన్నదే ఆట.

క్విజ్ కథ ఇంత పాతది కాదు. కబుర్ల ప్రశ్నలను స్నేహితులు ఒకరిమీద ఒకరు విసురుకునే ఆటకు ‘ట్రివియా’ అన్న పేరు 1965 ప్రాంతంలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థుల మధ్య ప్రచారంలోకి వచ్చింది. 1979లో కెనడాలో ఇద్దరు పాత్రికేయులు ట్రివియల్ పర్స్యూట్ ఆలోచన చేశారు. మన దేశంలో 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ నడిపిన పోటీని తొలి బహిరంగ క్విజ్‌గా చెప్తారు. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు నడిపిన క్విజ్, 2000లో కౌన్ బనేగా కరోడ్‌పతి, 2014లో తెలుగులో మీలో ఎవరు కోటీశ్వరుడు వచ్చాయి. వీటన్నిటి వెనుకా పోటీ పరీక్షల నీడ ఉంది. కుండల్‌వాడి వంటి ఊళ్లో ఆ నీడ భాషతో సహా పడుతుంది. నిజాం కాలంలో పైచదువు ఉర్దూలో, ఆ తర్వాత బడి మరాఠీలో. కాబట్టి తెలుగింటి పిల్లవాడి సామాన్య విజ్ఞానం ఇంటి భాషలో కుదురుకునే వీల్లేకపోయింది. బడి ఇవ్వని భాషలో క్విజ్ ఆడలేం, పొడుపు కథ ఆడవచ్చు.

క్విజ్‌కు బడీ అచ్చూ కావాలన్న మాటకు ఒక అభ్యంతరం ఉంది. భారతంలో యక్షుడు ధర్మరాజును అడిగినవి జ్ఞానప్రశ్నలే కదా, అచ్చు లేని కాలంలోనే క్విజ్ ఉన్నట్టు కదా? ఎర్రన తెలుగు చేసిన అరణ్యపర్వశేషంలోని ఆ ఘట్టాన్ని తీసి చూస్తే వాటిలో పేరుపడ్డవి గాలికన్నా వేగమైనదేది, భూమికన్నా బరువైనదెవరు వంటివి. మనసు, తల్లి అన్న జవాబులకు ఏ గ్రంథమూ తిరగేయనక్కర్లేదు. ఇంకో అభ్యంతరం మరింత గట్టిది. పొడుపు కథను ఎవరూ అప్పటికప్పుడు విప్పరు, ముందు విని ఉన్నవారే విప్పుతారు, కనుక అదీ నేర్చిన విద్యేనని జానపద పరిశోధకుల్లో కొందరు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ జవాబు బయటపడ్డాక ఏం జరుగుతుందో గమనించాలి. పొడుపు కథ జవాబు వినగానే ఓడినవాడు తనంతట తానే తలూపుతాడు, పోలిక కుదిరిందో లేదో వాడి కంటికే తెలుసు. క్విజ్ జవాబును నమ్మాలి, నమ్మకపోతే పుస్తకమో నిర్వాహకుడో తీర్పు చెప్పాలి. మధ్యవర్తి లేని ఆట గనకనే మొదటిది సమఉజ్జీల మధ్య, చదువు వచ్చినవారికీ రానివారికీ మధ్య కూడా సాగింది. రెండింటికీ నడుమ నిలిచేవి లేకపోలేదు. శ్రీశ్రీ కూర్చిన పదబంధ ప్రహేళికలు అచ్చు పుట్టించినవే అయినా పాత చమత్కారం వాటిలో తొణికింది. చందమామలో బేతాళుడు విక్రమార్కుణ్ని అడిగిన ప్రశ్నలదీ అదే తీరు.

బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద చేసిన పరిశోధన తర్వాత జానపద విజ్ఞానం తెలుగు విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశమైంది. అయినా సేకర్తలు ఎక్కువగా పొడుపునూ విడుపునూ మాత్రమే రాసుకుంటారు. కుండల్‌వాడి, ధర్మాబాద్, దెగ్లూర్ ఇళ్లలో వినబడేవాటిని రాసుకునేవారు అక్కడితో ఆగకూడదు. ఏ భాషలో పొడిచారు, ఏ భాషలో విప్పారు, ఎవరు ఎవరికి చెప్పారు అన్నవి కూడా పక్కనే రాసిపెట్టాలి.