వీడియో రూపాల్లో ‘మాయాబజార్’: పుత్తూరు సీమ నుంచి ఒక పరిశీలన

అరక్కోణం–రేణిగుంట రైలు మార్గంలోని పుత్తూరుకు హైదరాబాదు కన్నా మద్రాసు ఎంతో దగ్గర. పొరుగున ఉన్న తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రంలో చేరినా, తెలుగు తమిళాలు కలిసి వినిపించే గుణం ఈ సీమను వీడలేదు. 1957 మార్చి 27న తెలుగులోనూ, మరుసటి నెలలో తమిళంలోనూ విడుదలైన ‘మాయాబజార్’ను ఇక్కడి నుంచి పరిశీలించడం అందుకే సముచితం. అభిమన్యుడు తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. ఘటోత్కచుడు రెంటిలోనూ ఎస్.వి. రంగారావే.

1982 ఆసియా క్రీడల నాటి నుంచి రంగుల టీవీ వ్యాపించగా, వెంట వీడియో క్యాసెట్టు వచ్చింది. 1984 కాపీరైటు సవరణ చట్టానికి వీడియో చౌర్యం ఒక ముఖ్య కారణం. ఆ తరానికి చెందిన చాలామందికి ఈ చిత్రంతో తొలి పరిచయం తెరపై గాక టేపుపైనే జరిగి ఉంటుంది. వెడల్పాటి టాడ్-ఏఓ పద్ధతిలో తీసిన ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ వంటి హాలీవుడ్ సంగీత చిత్రాలకు నాటి టీవీ తెర రెండంచులనూ కోసివేసింది. ‘మాయాబజార్’ చట్రం దాదాపు టీవీ తెర ఆకారమే కనుక దీనికి ఆ నష్టం లేదు. మార్కస్ బార్ట్లీ వెన్నెల దృశ్యాల్లోని సన్నని బూడిద ఛాయలు మాత్రం టేపులో చెదిరాయి.

అసలు చిక్కు పాటలో ఉంది. సెకనుకు 24 చట్రాల చిత్రాన్ని పాల్ వీడియోలోకి మార్చేటప్పుడు సాధారణంగా 25 చట్రాల వేగంతో నడిపేవారు. 184 నిమిషాల చిత్రం అప్పుడు సుమారు 177 నిమిషాలకు కుదించుకుపోయి మూడు గంటల క్యాసెట్టులో ఇముడుతుంది. 74 నిమిషాల వీసీడీలైతే మూడు కావాలి, అంటే హాలులోని ఒక్క విరామానికి బదులు రెండు ఆటంకాలు. వేగంతోపాటు శ్రుతీ అర్ధస్వరంలో ఏడు పదుల వంతు పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడినది ఒకటిన్నరకు చేరువవుతుంది. సాలూరి రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకోగా ఘంటసాల పూర్తిచేసిన సంగీతమిది. ఇందులోని గాత్రధర్మాన్ని క్యాసెట్టు విని నిర్ణయించడం ప్రమాదకరం. శ్రోత చెవి ఈ తేడాను గుర్తుపట్టదు, అలవాటు పడిపోతుంది.

2010లో రంగులద్ది, డీటీఎస్ ధ్వనితో విడుదల చేసిన ప్రతి మరొక రూపాంతరం. నాటి శ్రుతిని తేల్చాలంటే క్యాసెట్టు పాటను గ్రామఫోన్ రికార్డుతోనూ, 24 చట్రాల వేగంతో నడిచే ఫిల్ము ప్రతితోనూ సరిపోల్చవలసిందే.