పదిహేను వేల మద్రాసు పాసులు

ఫారం చూడగానే దాన్ని నింపిన గుమాస్తా ఎంత విసుగులో ఉన్నాడో చెప్పగలను. నా ఉద్యోగమంతా తాలూకా ఆఫీసు రికార్డు గదిలో, అడంగళ్ల కట్టల మధ్యే గడిచింది. అందుకే బ్రిజ్ విలాష్ లాల్ అనే ఫిజీ చరిత్రకారుడి గురించి చదివినప్పుడు ఆయన వాదనల కంటే ముందు ఆయన తిరగేసిన కాయితాల మీదికే నా మనసు పోయింది.

అవి ఎమిగ్రేషన్ పాసులు. సువాలోని ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1879 నుంచి 1916 దాకా అయిదేళ్ల ఒప్పందం మీద, ఎక్కువగా చెరకు తోటల పనికి, మన దేశం నుంచి ఫిజీకి ఓడెక్కినవాళ్లు 60 వేల పైచిలుకు. మనిషికో పాసు. అందులో ఓడ పేరు, డిపో నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు ఉంటాయి. కింద డాక్టరు, ప్రొటెక్టరు వగైరా అధికారుల సంతకాలు. ఈ మనిషి ఇష్టపడే వెళ్తున్నాడనీ, షరతులన్నీ వివరించి చెప్పామనీ రాసి ఉంటుంది. ఆ ముక్క అచ్చువేసి వచ్చేదే, గుమాస్తా కలం కదపక్కర్లేదు. అచ్చు వాక్యాన్ని ఎంతవరకు నమ్మాలో ఆఫీసులో పనిచేసినవాళ్లకి వేరే చెప్పాలా!

లాల్ 1952లో ఫిజీలోని తబియా అనే పల్లెలో పుట్టాడు. ఆయన తాత ఉత్తరాదిన బహరాయిచ్ జిల్లా నుంచి గిర్మిట్ మీద, అంటే ఆ అయిదేళ్ల ఒప్పందం మీద, వచ్చినవాడు. కాన్‌బెర్రాలో పీహెచ్‌డీ కోసం, కలకత్తా రేవు నుంచి వచ్చినవారి పాసులన్నీ, 45 వేలకు పైగా, చదివి కంప్యూటర్‌కెక్కించాడు. అదీ 1970లలో. మా తనిఖీల్లో నూటికి పది ఎంట్రీలు చూసి సంతకం పెట్టేసేవాళ్లం. ఆయనా అలాగే కొన్ని ఏరుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మొత్తం తీశాడు. 1980లో పట్టా, 1983లో ‘గిర్మిటియాస్’ అనే పుస్తకం వచ్చాయి.

అంతవరకు రెండు మాటలు చలామణీలో ఉండేవి. వెళ్లినవాళ్లంతా ఏ గతీ లేని అట్టడుగు జనమని ఒకటి, అందరినీ ఆర్కాటీలు, అంటే కూలీలను కుదిర్చే దళారులు, మాయచేసి ఓడెక్కించారని రెండోది. పాసులు లెక్కకడితే వేరే సంగతి తేలింది. ఊళ్లల్లో ఉన్న కులాలే ఇంచుమించు అదే పాళ్లలో ఓడల్లోనూ కనిపించాయి, పై కులాలతో సహా. సొంత జిల్లా ఒకటి, పేరు నమోదైన జిల్లా ఇంకొకటిగా ఉన్నవాళ్లు చాలామంది. అంటే ఆర్కాటీ ఎదురుపడే నాటికే పని వెతుక్కుంటూ ఇల్లు విడిచినవాళ్లు. మోసం జరగలేదని లాల్ అనలేదు. వలస మాత్రం ఆర్కాటీతో మొదలు కాలేదన్నాడు. తోటల్లో ఆత్మహత్యలకు ఆడవాళ్ల నడవడే కారణమని దొరలు రాసిపెట్టిన మాటను కూడా ఆయన ఒప్పుకోలేదు. తోటల్లోని బతుకును కప్పిపుచ్చడానికే వాళ్లు ఆ మాట రాశారన్నాడు. నాకు ఆయనమీద గౌరవం పెరిగింది ఇక్కడే.

ఇంత పని చేసిన మనిషిని, సైనిక ప్రభుత్వాన్ని విమర్శించాడని 2009లో ఫిజీ నుంచి వెళ్లగొట్టారు. ఆ దేశపు 1997 రాజ్యాంగానికి సిఫార్సులు చేసిన ముగ్గురు కమిషన్ సభ్యుల్లో ఆయన ఒకడు. 2021 డిసెంబరులో బ్రిస్బేన్‌లో పోయాడు. మళ్లీ ఫిజీలో అడుగుపెట్టకుండా ఆయన మీద పెట్టిన నిషేధం ఎత్తేసింది ఆ తరవాతే.

ఇక మన సంగతి. 1903 నుంచి మద్రాసు రేవులోనూ మనుషుల్ని ఎక్కించారు. అలా వెళ్లినవారు 15 వేల పైమాటే. ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్లు అందులో ఉన్నారు. తెలుగో తమిళమో మలయాళమో చూడకుండా అందరికీ అక్కడ ‘మద్రాసీ’ అనే ఒక్క పేరే. వాళ్ల మనవలు ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ. లాల్ లెక్కలో ఈ మద్రాసు పాసులు లేవు. అది ఆయన లోపమని నేననను. ఉత్తరాది వారి గురించే రాస్తానని ముందే చెప్పుకున్నాడు, తన తాత వచ్చిన దారి వెతికాడు. మన తాతల దారి వెతకాల్సింది మనం.

అది ఊళ్లు తెలిసినవాళ్లు చేయాల్సిన పని. విజయనగరం, బొబ్బిలి, పాలకొండ అప్పట్లో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. డిపో గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసిన పల్లె పేరు ఏ ఊరిదో పోల్చాలంటే పాత ఫిర్కాలు, జమీందారీ గ్రామాల జాబితాలు నోటికి రావాలి. అవి తెలిసిన పాతకాలపు కరణాలు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లు ఇప్పటికీ కొందరు మిగిలే ఉన్నారు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఆ పాసుల నకళ్లు తెప్పించి, పరిశోధక విద్యార్థుల పక్కన వాళ్లను కూర్చోబెట్టాలి. పిలిస్తే నేనూ వస్తాను. కళ్లద్దాలు ఉన్నాయి, తీరికా ఉంది.