త్సావ్ వారి ఇంటిపేరు – వంశావళి, దంతసాక్ష్యం



మనం ఒకరిని గూర్చి మాట్లాడుకుంటూ ఉండగా ఆ మనిషే గుమ్మంలో అడుగు పెడితే “నీకు నూరేళ్ళాయుష్షు” అంటాము. చైనావారికి అదే సందర్భంలో త్సావ్ త్సావ్ గుర్తుకు వస్తాడు. అతని మాట ఎత్తితే చాలు, అతడు వచ్చి వాలతాడని వారి సామెత. ఇతడు క్రీ.శ. 155లో పుట్టి 220లో మరణించిన సేనాని, మంత్రి, కవి. హాన్ సామ్రాజ్యం కూలిపోతున్న కాలంలో ఉత్తర చైనాను తన చేతి క్రిందికి తెచ్చుకొన్నాడు. తాను మాత్రం సింహాసనం ఎక్కలేదు. అతడు పోయిన యేడే కుమారుడు త్సావ్ పీ హాన్ చక్రవర్తిని దింపి వేయ్ రాజ్యం స్థాపించాడు. అతని పేరులో ఒకే శబ్దం రెండుమార్లు వినబడుతుంది గాని అవి వేర్వేరు అక్షరాలు, స్వరం కూడా వేరు. మొదటిది ఇంటిపేరు, రెండవది పెట్టిన పేరు. చైనాలో ఇంటిపేరు మన వలెనే ముందు వస్తుంది.

నేను వ్రాయదలచినది అతని యుద్ధాలను గూర్చి కాదు, ఆ మొదటి అక్షరాన్ని గూర్చి. ఆ ఇంటిపేరు అతనికి ఎక్కడి నుండి వచ్చింది? అది అతని రక్తానిదా, లేక వ్రాతలో మాత్రమే అతనిదా? ఈ ప్రశ్న అతని జీవితకాలంలోనే తిట్టుగా పుట్టింది. పదునెనిమిది వందల ఏండ్ల తరువాత ఒక ప్రయోగశాలలో దానికి కొంత సమాధానం దొరికింది.

ముందుగా చైనా ఇంటిపేర్ల సంగతి రెండు మాటలలో. ప్రాచీన కాలంలో వారికి షింగ్, షి అని రెండు ఉండేవి. షింగ్ అంటే మూలవంశం, ఇంచుమించు మన గోత్రం వంటిది. జీ, జియాంగ్ వంటి అతిప్రాచీనమైన షింగ్ నామాలను వ్రాసే అక్షరాలలో ‘స్త్రీ’ అనే అంగం కనబడుతుంది. షి అంటే ఆ వంశంలోని శాఖ. ఏలిన ఊరిని బట్టియో, చేసిన పదవిని బట్టియో ఏర్పడేది. ఒకే షింగ్ వారు వివాహమాడరాదు. చిన్, హాన్ రాజుల కాలానికి ఈ భేదం చెరిగిపోయి రెండూ కలిసి ఒకే ఇంటిపేరు అయినవి. అప్పటి నుండి అది తండ్రి నుండి కొడుకుకు వస్తూనే ఉన్నది.

త్సావ్ అనే పేరుకు ఒక మూలం కాదు, పలు మూలాలు ఉన్నవి. జౌ వంశ స్థాపకుడైన వూ రాజు తన తమ్ముడు జెన్‌దువోకు ఇప్పటి షాన్‌దొంగ్ రాష్ట్రంలోని దింగ్‌తావ్ ప్రాంతాన్ని ఇచ్చాడు. అదే త్సావ్ రాజ్యం. క్రీ.పూ. 487లో సోంగ్ రాజ్యం దానిని మ్రింగివేసిన పిమ్మట అక్కడివారు రాజ్యం పేరును ఇంటిపేరుగా నిలుపుకొన్నారు. ఇది ఒకటి. జూ అనే మరొక చిన్న రాజ్యపు ఏలికల షింగ్ కూడా త్సావే. వారు తమను పురాణకాలపు లూ జొంగ్ సంతతిగా చెప్పుకొన్నారు. ఇది రెండవది. ఇక మూడవది వింతైనది. సమర్‌కండ్ ప్రాంతం నుండి పట్టుదారిన వచ్చి చైనాలో స్థిరపడిన సోగ్దియా వర్తకులు తమ తమ ఊళ్ళను బట్టి చైనా పేర్లు ధరించారు. బుఖారావారు ఆన్, సమర్‌కండ్‌వారు కాంగ్, సమీపంలోని కబూధన్‌వారు త్సావ్. కనుక త్సావ్ అన్న ప్రతివాడూ జౌ రాకుమారుని మనుమడు కానేరడు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఇల్లు ఒకటి కాదు.

ఇప్పుడు అసలు కథకు వద్దాము. త్సావ్ త్సావ్ తాత త్సావ్ తెంగ్ అంతఃపురంలో నపుంసక ఉద్యోగి. ముప్పది ఏండ్లకు పైబడి నలుగురు చక్రవర్తులను సేవించాడు. 146లో హువాన్ చక్రవర్తి పట్టాభిషేకానికి తోడ్పడి ప్రభుపదవిని పొందాడు. యోగ్యులైనవారిని కొలువుకు సిఫారసు చేసేవాడని చరిత్రలో అతనికి మంచి పేరే ఉన్నది. అయితే నపుంసకునికి సంతానం ఎక్కడిది? 135లో వెలువడిన రాజాజ్ఞ ఇట్టివారు దత్తత చేసికొన్న కొడుకుకు తమ పదవిని సంక్రమింపజేయవచ్చునని అనుమతించింది. ఆ విధంగా త్సావ్ తెంగ్ పెంచుకొన్న కొడుకు త్సావ్ సోంగ్. అతని కొడుకు మన కథానాయకుడు.

ఆ త్సావ్ సోంగ్ ఎవరి బిడ్డ? మూడవ శతాబ్దిలో ‘మూడు రాజ్యాల చరిత్ర’ వ్రాసిన చెన్ షోవు, అతని పుట్టుపూర్వోత్తరాలు తేల్చలేమన్నట్లు ఒక్క వాక్యంతో దాటిపోయాడు. ఆ మౌనంలోనికి వదంతులు ప్రవేశించాయి. 429లో ఆ గ్రంథానికి వ్యాఖ్య సమకూర్చిన పేయ్ సుంగ్‌జీ, శత్రురాజ్యమైన వూ దేశీయుడొకడు వ్రాసిన పుస్తకాన్ని ఉదాహరిస్తూ, త్సావ్ సోంగ్ నిజానికి షియాహోవు వారి పిల్లవాడని వ్రాశాడు. చెన్ షోవు త్సావ్ సేనానుల చరిత్రలనూ షియాహోవు సేనానుల చరిత్రలనూ ఒకే అధ్యాయంలో కూర్చడం ఆ రహస్యానికి సూచన అని కొందరు పండితులు పట్టుకొన్నారు. మరికొందరు దానికి ఎదురు చెప్పారు. త్సావ్ త్సావ్ తన కుమార్తెను షియాహోవు దున్ కుమారునికి ఇచ్చాడు. రెండు ఇండ్ల మధ్య ఇంకా వియ్యాలు ఉన్నవి. రక్తం ఒకటే అయితే ఈ పెండ్లిండ్లు ఎట్లా జరుగుతాయి? ఈ వాదం మనవారికి సులభంగా బోధపడుతుంది. మన ధర్మశాస్త్రంలో దత్తుడు పెంచినవారి గోత్రానికి మారినా, పుట్టిన గోత్రంలోని కన్య అతనికి వర్జ్యమే కదా!

శత్రువులకు ఇంత తర్కంతో పని లేదు. 200లో యువాన్ షావ్ పక్షాన చెన్ లిన్ అనే రచయిత వ్రాసిన యుద్ధప్రకటన త్సావ్ త్సావ్ తాతను దుష్ట నపుంసకునిగా, తండ్రిని బిచ్చమెత్తి దత్తుకు వచ్చినవానిగా ఈసడించింది. యువాన్ వంశం ఓడిన తరువాత చెన్ లిన్ పట్టుబడ్డాడు. తనను తిట్టితే తిట్టావు గాని తండ్రితాతల వరకు ఎందుకు పోయావని త్సావ్ త్సావ్ అడిగాడట. అడిగి, క్షమించి, కొలువులో పెట్టుకొన్నాడు. ఆ కలం విలువ అతనికి తెలుసు. ఆ తిట్టు ఎంత లోతుగా దిగిందో కూడా ఈ ప్రశ్నయే చెబుతున్నది. పదునాల్గవ శతాబ్ది నాటి ‘మూడు రాజ్యాల కథ’ అనే నవల షియాహోవు మాటనే తీసుకొని ఇంటింటికీ చేర్చింది.

తిట్టు ఒకవైపు ఉండగా, స్తుతి మరొకవైపు నడిచింది. చెన్ షోవు గ్రంథం త్సావ్ త్సావ్‌ను క్రీ.పూ. 193లో హాన్ మహామంత్రి అయిన త్సావ్ షెన్ సంతతిగా చెబుతుంది. ఆ పైమెట్టు ఏది? త్సావ్ తెంగ్ శిలాఫలకం తమది జూ రాజ్యపు మూలమన్నది. త్సావ్ త్సావ్ నాటికి జౌ రాకుమారుడు జెన్‌దువో మూలపురుషుడయ్యాడు. మనుమడు మింగ్ చక్రవర్తి కాలంలో, 237లో, పురాణచక్రవర్తి షున్ ఆ స్థానంలోనికి వచ్చాడు. ఒక మంత్రి దీనికి అభ్యంతరం చెప్పినా ఫలితం లేకపోయింది. కొద్ది తరాలలో ముగ్గురు మూలపురుషులు! పదవి ఎంత ఎత్తుకు పెరిగితే మూలం అంత వెనుకకు జరిగింది.

మన ప్రబంధాలు చదివినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. కృతిపతి వంశవర్ణన చంద్రుని దగ్గరో సూర్యుని దగ్గరో మొదలు కావలసిందే. తుళువ రాజులకు కూడా చంద్రుడు, యయాతి, తుర్వసుడు అనే మెట్లు కట్టి ఇచ్చారు. పాఠం చెప్పేటప్పుడు ఆ పద్యాలను అలంకారాలుగా వివరించేవాడను, చరిత్రగా ఎన్నడూ చెప్పలేదు.

ఇక శాస్త్రం సంగతి. పురుషునిలో వై క్రోమోజోము తండ్రి నుండి కొడుకుకు మాత్రమే వస్తుంది. దాదాపు మార్పు లేకుండా వస్తుంది. ఎప్పుడో ఒక తరంలో చిన్న అక్షరదోషం పడితే అది ఆ శాఖవారందరిలో గుర్తుగా నిలిచిపోతుంది. వ్రాతప్రతులు పరిష్కరించేవారు ఒక లేఖకుని తప్పును బట్టి ఏ ప్రతి ఏ ప్రతికి బిడ్డయో తేల్చినట్లే ఇదీను. ఇంటిపేరు కూడా తండ్రి నుండి కొడుకుకే వస్తుంది కనుక రెండూ జంటగా నడవాలి. దత్తత జరిగినా, రాజు ఇంటిపేరు బహూకరించినా, భయపడి పేరు మార్చుకొన్నా ఆ జంట విడిపోతుంది. 869లో టాంగ్ చక్రవర్తి ఒక తురుష్క నాయకునికి తన ‘లీ’ అనే ఇంటిపేరునే ఇచ్చాడు. ఆ నాయకుని మనుమలందరూ లీలే, రక్తం మాత్రం వేరు.

2009 డిసెంబరులో హెనాన్ రాష్ట్రంలో త్సావ్ త్సావ్ సమాధి బయటపడిందన్న ప్రకటన వచ్చి పెద్ద వివాదం రేగింది. షాంఘై నగరంలోని ఫుదాన్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రజ్ఞులు, చరిత్రకారులు కలిసి పని ఆరంభించారు. త్సావ్ ఇంటిపేరు గల 79 వంశశాఖల నుండి 280 మంది పురుషుల నమూనాలు తీసుకొన్నారు. పోలిక కోసం ఇతర వంశాల వారివీ తీసుకొన్నారు. 2012లో ఫలితం ప్రచురించారు. త్సావ్‌లందరిదీ ఒకే రక్తం కాదని తేలింది. అయితే త్సావ్ త్సావ్ సంతతిమని వంశావళి చూపినవారిలో ఒకే ఒక శాఖ ప్రత్యేకంగా, యాదృచ్ఛికం అనలేనంతగా కనబడింది. అది ఎం268 అనే గుర్తు గల శాఖ. నాటి పట్టికలో దాని పేరు ఓ2, నేటి పట్టికలో ఓ1బి. మహామంత్రి త్సావ్ షెన్ వంశీయులమని చెప్పుకొనేవారి శాఖ దీనికి భిన్నమైనది. అంటే స్తుతిపాఠకుల మెట్టు విరిగిపోయింది.

మరి తిట్టు మాట? దానికి సమాధానం బోజౌలో దొరికింది. ఆన్‌హుయ్ రాష్ట్రంలోని ఈ ఊరే త్సావ్ త్సావ్ స్వస్థలం. 1970ల తవ్వకాలలో అక్కడ త్సావ్ వారి కుటుంబ సమాధులు బయటపడినవి. పనివారు పచ్చి ఇటుకల మీద గీచిన వ్రాతలు కూడా అందులో లభించినవి. వాటిలో ఒక సమాధి త్సావ్ తెంగ్ సోదరుడు త్సావ్ దింగ్‌ది అని పరిశోధకుల నిర్ణయం. ఆ సమాధిలోని దంతం నుండి జన్యుద్రవ్యం తీయగలిగారు. ఎముక శిథిలమైనా, దంతం తన పైపూత మాటున దానిని చిరకాలం కాపాడుతుంది. 2013లో ప్రచురించిన ఆ ఫలితం ప్రకారం త్సావ్ దింగ్ శాఖయూ, నేటి త్సావ్ త్సావ్ సంతతి శాఖయూ ఒక్కటే.

తర్కం ఇట్లా నడుస్తుంది. త్సావ్ తెంగ్‌కు బిడ్డలు లేరు. త్సావ్ సోంగ్ బయటివాడైతే, షియాహోవు గాని, బిచ్చగాడు గాని, అతని మనుమల గుర్తు త్సావ్ దింగ్ గుర్తుతో సరిపోకూడదు. సరిపోయింది. కనుక త్సావ్ తెంగ్ తన వంశంలోని పిల్లవానినే దత్తత చేసికొన్నాడు.

ఇది తుదితీర్పు అని నేను చెప్పను. నేటి వంశావళులను ఎంతవరకు నమ్మాలి, ఆ దంతం నిశ్చయంగా త్సావ్ దింగ్‌దేనా అని చైనా చరిత్రకారులలోనే అడిగినవారు ఉన్నారు. ఆ గుర్తు త్సావ్ వారికే పరిమితం కాదు; శాఖ కలిసినంత మాత్రాన ఒక కుటుంబమని రుజువు కాదు, కలవకపోతే మాత్రం కాదని రుజువవుతుంది. శాసనం చదివేటప్పుడు లిపిని పరీక్షించినట్లే ప్రయోగశాల మాటను కూడా పరీక్షించాలి. అయినను, శత్రువు వ్రాసిన పుస్తకం కంటె, ఆస్థానం కట్టిన వంశవృక్షం కంటె, ఈ దంతం నిష్పక్షపాతి. దానికి త్సావ్ త్సావ్‌పై ప్రేమ లేదు, పగ లేదు.

నాకు ఇందులో ముఖ్యంగా తోచినది ఇది. పొగిడినవారూ తిట్టినవారూ ఇరువురూ ఒకే పొరపాటు చేశారు. మనిషి విలువ అతని మూలపురుషునిలో ఉన్నదని ఇద్దరూ నమ్మారు. ఒకరు షున్ చక్రవర్తిని తెచ్చి నిలబెట్టారు, మరొకరు బిచ్చగానిని. శాస్త్రం చూపుతున్నది ఆ రెండింటికీ నడుమ ఒక మామూలు పల్లె కుటుంబం. అందులో ఒక బిడ్డ అంతఃపురానికి పోయి సంతానయోగ్యతను కోల్పోయాడు. బంధువుల పిల్లవాడొకడు అతనికి కొడుకై నిలిచాడు. 229లో వేయ్ రాజ్యం ఆ తాతకు మరణానంతరం చక్రవర్తి బిరుదు ఇచ్చింది. చైనా చరిత్రలో ఆ బిరుదు పొందిన నపుంసకుడు అతడొక్కడే. ఆ పని నాకు షున్ చక్రవర్తి కల్పన కంటె ఎంతో గౌరవప్రదంగా కనబడుతుంది. పెంచినవానిని తాత అని లోకం ముందు ఒప్పుకొన్నారు.

ఒకవేళ ఆ దంతం ఎదురు చెప్పి ఉంటే? త్సావ్ సోంగ్ షియాహోవు బిడ్డయే అయి ఉంటే? అప్పుడు కూడా అతడు త్సావ్ వాడే. పాఠశాల ప్రవేశపుస్తకంలో దత్తుడైన పిల్లవాని ఇంటిపేరు వ్రాసేటప్పుడు పెంచిన తండ్రి చెప్పినదే వ్రాశాను. ఆ పిల్లలు ఆ పేరుతోనే చదివారు, ఉద్యోగాలు చేశారు, తమ బిడ్డలకు ఆ పేరే ఇచ్చారు. వై క్రోమోజోము ఒక తండ్రి దారిని మాత్రమే చెబుతుంది. తల్లుల దారి చెప్పదు, ఎవరు ఎవరికి అన్నం పెట్టి పెంచారో చెప్పదు. అది చెప్పే పని ఇంటిపేరుదే.

చదివే మిత్రుల ఇండ్లలో కూడా ఇంటిపేరు మారిన కథలు, దత్తతకు వెళ్ళిన తాతల కథలు ఉండే ఉంటాయి. పెద్దలు ఉండగానే అడిగి వ్రాసి పెట్టుకొనండి. ఇక్కడ పంచుకొంటే మరింత సంతోషం.