ఎన్ని వారాలు? ఎవరి సంతకం?

మన గ్రూపులో డాలస్ వాళ్లున్నారు, డబ్లిన్ వాళ్లున్నారు, ఇక్కడ అల్ రయ్యాన్‌లో నాలాగా డ్యూటీలు చేసుకునేవాళ్లున్నారు, ఊళ్లో ఉన్న కూతుళ్ల కోసం చదివేవాళ్లున్నారు. ఒకే కడుపు, ఒకే ఐదో నెల, కానీ ఈ నాలుగు చోట్లా నాలుగు చట్టాలు. "దేశమంతటికీ ఒకటే గడువు పెట్టి, అటూ ఇటూ కాకుండా ఒక రాజీ చట్టం చేస్తే పోదా?" అని డాలస్ వాళ్లు అడుగుతుంటారు. మన దేశం ఆ పని 1971లోనే చేసింది. ఆ రాజీ ఎలా పుట్టింది, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ తెగిపోయింది అన్నది తెలిస్తే ఆ ప్రశ్నకు జవాబు మీరే చెప్పుకోవచ్చు. మతం మాట, పాపపుణ్యాల మాట ఎవరింట్లో వాళ్లు చూసుకుందాం. ఇది చరిత్ర.

మొదలు 1860 దగ్గర. ఇంగ్లీషువాళ్లు రాసిన శిక్షాస్మృతిలో 312వ సెక్షన్ ఉండేది. కడుపు తీసినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, బిడ్డ కదలిక తెలిశాక అయితే ఏడేళ్ల దాకా. తనంతట తాను తీయించుకున్న ఆడమనిషి కూడా నేరస్థురాలే. తల్లి ప్రాణం కాపాడటానికి చేస్తే మాత్రమే మినహాయింపు. చట్టం ఉంది కదా అని కడుపులు తీయడం ఆగిందా? జిల్లేడు పుల్ల సంగతి మన అమ్మమ్మలకు తెలుసు. మంత్రసాని తలుపేసుకుని చేసేది, జ్వరం వచ్చేది, సెప్టిక్ అయ్యేది, "కడుపునొప్పితో పోయింది" అని ఊరికి చెప్పేవాళ్లు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు, ఆ చిన్న వయసు వితంతువుల ఇళ్లలో జరుగుతున్న ఈ రహస్యం ఊరందరికీ తెలిసినదే.

అదే రాజమండ్రిలో 1918లో పుట్టిన ఒకాయన పేరు ఈ కథలో పెద్దది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్. జనాభా శాస్త్రవేత్త. 1967 నుంచి 1970 దాకా కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రి. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేయాలని గట్టిగా వాదించినవాడు. 1969లో బిల్లు రాజ్యసభకు వచ్చింది ఆయన హయాంలోనే. తర్వాత 1974లో దీని మీద ఒక పుస్తకం కూడా రాశాడు. అయితే ఆయన్ని ఆడవాళ్ల హక్కుల వీరుడని అనేసుకోకండి. ముగ్గురు పిల్లలున్న మగవాళ్లకు నిర్బంధంగా ఆపరేషన్ చేయాలని 1967లో ప్రతిపాదించినదీ ఆయనే. ఆయన దృష్టంతా దేశ జనాభా మీద. ఒక మనిషిలో ఈ రెండూ ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, కానీ చరిత్ర అలాగే ఉంటుంది.

ఆయన కంటే ముందు 1964లో ప్రభుత్వం శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసింది. ఆయన మహారాష్ట్ర మంత్రి. ఆ కమిటీ 1966 చివర నివేదిక ఇచ్చింది. 50 కోట్ల జనాభాలో ఏడాదికి 39 లక్షల కడుపులు కావాలని తీయించుకుంటున్నవే అని అంచనా కట్టింది. అంటే 312వ సెక్షన్ గోడమీద ఉంది, జనం గోడ పక్కనుంచి పోతున్నారు. ఒక సంగతి గమనించండి, షా కమిటీ అడిగింది జనాభా తగ్గించడానికి కాదు, చచ్చిపోతున్న ఆడవాళ్లను ఆపడానికి.

1971 ఆగస్టులో చట్టం అయింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని రాజీ అని ఎందుకంటున్నానంటే, పాత నేరం అలాగే ఉంది. దాన్ని కొట్టేయలేదు. ఫలానా పరిస్థితుల్లో డాక్టరు చేస్తే డాక్టరు మీద కేసు ఉండదు అన్నారు, అంతే. 12 వారాల దాకా ఒక డాక్టరు ఒప్పుకుంటే చాలు, 12 నుంచి 20 దాకా ఇద్దరు ఒప్పుకోవాలి. కారణాలు రాశారు: తల్లి ప్రాణానికి ముప్పు, శరీరానికో మనసుకో తీవ్ర హాని, బిడ్డకు తీవ్ర వైకల్యం వచ్చే ప్రమాదం. అత్యాచారం వల్ల అయితే మనసుకు హాని ఉన్నట్టే లెక్క. పెళ్లయినవాళ్లకు కుటుంబ నియంత్రణ పద్ధతి ఫెయిలయినా అలాగే లెక్క. పెళ్లికానివాళ్ల ఊసు అక్కడ లేదు. "నాకు వద్దు" అన్న మాట ఎక్కడా సరిపోదు. కారణం చెప్పాలి, డాక్టరు "మంచి నమ్మకంతో" ఒప్పుకోవాలి.

అయినా ఆ చట్టంలో ఒక మంచి ఉంది, మీరు బాగా గుర్తుంచుకోండి. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ అయితే ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం అక్కర్లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మన ఊళ్లలో నర్సింగ్ హోముల్లో "మీ ఆయన్ని తీసుకురామ్మా" అంటారే, అది వాళ్ల జాగ్రత్త కోసం అడిగేది, చట్టం అడగదు. యాభై ఏళ్లు దాటినా చదువుకున్న ఆడవాళ్లకు కూడా ఇది తెలియకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు మనం ఉన్న చోటికి వద్దాం. ఖతార్‌లో వైద్య వృత్తి గురించి 1983లో చేసిన 2వ నంబరు చట్టం ఉంది. గర్భం నాలుగు నెలల లోపు ఉంటేనే, రెండే కారణాలు: కొనసాగితే తల్లి ఆరోగ్యానికి ఖచ్చితమైన తీవ్ర హాని, లేదా బిడ్డకు నయంకాని తీవ్ర వైకల్యం ఉండి భార్యాభర్తలిద్దరూ ఒప్పుకోవడం. ముగ్గురు స్పెషలిస్టుల కమిటీ చెప్పాలి, అందులో ఒకరు గైనిక్ ఉండాలి, ప్రభుత్వ ఆసుపత్రిలోనే జరగాలి. నాలుగు నెలలు దాటితే తల్లి ప్రాణం కోసం మాత్రమే. ఆ జాబితాలో అత్యాచారం లేదు. పక్కన యూఏఈ 2024లో అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికి 120 రోజుల లోపు అనుమతి ఇచ్చింది, దుబాయ్‌లో ఉన్న చెల్లెళ్లు తెలుసుకోండి.

120 రోజులు అన్నది ఊరికే రాలేదు. అన్ని రోజులకు పిండంలో ఆత్మ ప్రవేశిస్తుందని ఇస్లామిక్ పండితుల్లో చాలామంది లెక్క. 1990లో మక్కాలో ఫిఖ్ మండలి తీవ్ర వైకల్యం విషయంలో ఈ గడువునే తీర్మానించింది. ఇంగ్లీషువాళ్ల 1860 చట్టంలో "కదలిక తెలిశాక" అన్న మాట కూడా దాదాపు ఆ నెలల దగ్గరే పడుతుంది. ఎవరి దేవుడు ఎవరైనా ఐదో నెల దగ్గరే గీత గీశారు.

కాస్త లెక్క వేద్దాం, నర్సును కదా, లెక్క లేకుండా ఉండలేను. మన కార్డుమీద రాసే వారాలు చివరి బహిష్టు మొదటి రోజు నుంచి. 120 రోజులు గర్భం నిలిచిన రోజు నుంచి లెక్కిస్తే దానికి సుమారు 14 రోజులు కలపాలి. 134 రోజులు, అంటే 19 వారాల ఒక రోజు. 1971లో ఢిల్లీ గీసిన 20 వారాల గీతకూ దీనికీ వారం కూడా తేడా లేదు! చివరి బహిష్టు నుంచే లెక్కిస్తే మాత్రం 17 వారాలకే తలుపు మూసుకుంటుంది. అందుకే గడువు ఎన్ని వారాలని అడిగేముందు ఎక్కడి నుంచి లెక్క అని అడగాలి.

మరి టిఫా స్కాన్ ఎప్పుడు చేస్తారు? 18 నుంచి 22 వారాల మధ్య. గుండె గదులు, వెన్నుపూస, మెదడు సరిగ్గా కనపడేది అప్పుడే. 1971లో ఈ స్కాన్ లేదు కాబట్టి 20 వారాల గీత ఎవరికీ అడ్డం కాలేదు. మెషీన్లు వచ్చాక గీత సరిగ్గా బిడ్డ గుండె కనపడే చోట అడ్డంగా పడింది. 2008లో బొంబాయి హైకోర్టుకు వెళ్లిన నికేతా మెహతా కేసు ఇదే. బిడ్డ గుండెలో లోపం తెలిసేసరికి గడువు దాటిపోయింది, కోర్టు కాదంది. ఆ తర్వాత ఆమెకు గర్భం దానంతట అదే పోయింది. అప్పటినుంచి దేశమంతా ఒక్కో హైకోర్టు తలుపు తట్టడం మొదలైంది. 2021 అక్టోబరులో తెలంగాణ హైకోర్టు అత్యాచారానికి గురైన 16 ఏళ్ల అమ్మాయికి 26 వారాల గర్భం తీయడానికి అనుమతిచ్చింది. పదహారేళ్ల పిల్ల కోర్టు మెట్లెక్కితే కానీ పని కాలేదు, చూడండి.

చట్టం మార్చడానికి 13 ఏళ్లు పట్టింది. 2021 మార్చిలో పార్లమెంటు సవరించింది, సెప్టెంబరు 24 నుంచి అమలు. ఇప్పుడు 20 వారాల దాకా ఒక డాక్టరు, 24 దాకా ఇద్దరు. ఆ 24 మాత్రం అందరికీ కాదు: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, బిడ్డలో లోపం ఉన్నవాళ్లు, విపత్తుల్లో చిక్కుకున్నవాళ్లు. 24 దాటాక బిడ్డకు తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు చెప్పాలి. మూడు రోజుల్లో చెప్పాలని రూల్స్‌లో రాశారు. "భర్త" అన్న చోట "భాగస్వామి" అని మార్చారు, మరుసటి ఏడాది 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికానివాళ్లకూ 24 వారాలు వర్తిస్తాయంది.

ఇంత చేశాక కూడా ఏమైందో చూడండి. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి, 27 ఏళ్లది, సుప్రీంకోర్టుకు వచ్చింది. రెండో కాన్పు తర్వాత మానసికంగా కుంగి మందులు వాడుతోంది. పాలిస్తోంది, నెలసరి రాలేదు, గర్భం అని తెలిసేసరికి నెలలు గడిచాయి. (పాలిచ్చే తల్లికి కడుపు రాదు అని ఇంకా నమ్మేవాళ్లు మన గ్రూపులో ఉన్నారు, దయచేసి ఇది చదవండి.) మొదట ఇద్దరు జడ్జీలు సరేనన్నారు. రెండు రోజులకు ఆ ఇద్దరే విడిపోయారు. అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన హిమా కోహ్లీగారు వద్దన్నారు, నాగరత్నగారు ఆమె నిర్ణయాన్ని గౌరవించాలన్నారు. చివరికి ముగ్గురు జడ్జీలు అక్టోబరు 16న కాదన్నారు. 26 వారాలు దాటింది, బిడ్డలో లోపం లేదు, తల్లి ప్రాణానికి ముప్పు లేదు అని. ఇద్దరు ఆడ జడ్జీలే చెరో మాట అన్నారంటే ఇది తేలిక ప్రశ్న కాదు.

రెండోవైపు వాళ్ల భయం కూడా ఉత్తది కాదు. గడువు పెంచితే ఆడపిల్లల్ని ఏరేస్తారు అన్నది మన రాష్ట్రం చూసి చెప్పిన మాటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలు, 2011లో 939. లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లోనే ఉంది, అయినా తగ్గింది. దీనికి మందు స్కానింగ్ సెంటర్ల మీద ఉంది కానీ, అత్యాచార బాధితురాలి గడువు కోయడంలో లేదని నా అభిప్రాయం.

ఇక డాలస్ చెల్లెళ్ల ప్రశ్న. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు రో తీర్పును కొట్టేశాక, సెప్టెంబరులో సెనేటర్ గ్రాహమ్ 15 వారాల జాతీయ గడువు బిల్లు పెట్టాడు. చాలామంది దాన్ని మధ్యేమార్గం అన్నారు. కానీ రాష్ట్రాలు ఇంకా బిగించుకోవచ్చు, వదులు చేసుకోవడానికి మాత్రం వీల్లేదని అందులో ఉంది. అంటే టెక్సాస్ టెక్సాస్‌లాగే ఉంటుంది, న్యూయార్క్ మాత్రం బిగుసుకుంటుంది. రాజీ అంటే ఇద్దరూ కొంత వదులుకోవాలి. ఒకరే వదులుకుంటే దానికి వేరే పేరుంది.

ఐర్లాండ్ కూడా ఒక రాజీ చేసి చూసింది. 2012 అక్టోబరులో గాల్వేలో చనిపోయిన సవితా హలప్పనవర్ మన పొరుగున కర్ణాటక అమ్మాయి, పంటి డాక్టరు. 17 వారాలకు గర్భం పోతోందని తెలిసినా, బిడ్డ గుండె కొట్టుకుంటోందని ఆగారు, సెప్సిస్ వచ్చింది. మరుసటి ఏడాది తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే చేయవచ్చని చట్టం తెచ్చారు. అది ఎవరికీ సరిపోలేదు. 2018 మే 25న జనాన్నే అడిగితే 66.4 శాతం మార్పు కావాలన్నారు, 12 వారాల దాకా కారణం అడగని చట్టం వచ్చింది. ఐదేళ్లు కూడా నిలవలేదు ఆ రాజీ.

నన్నడిగితే వారాల సంఖ్య మీద రాజీ నాకు సమ్మతమే. 24 అన్నా ఒప్పుకుంటాను, ఎందుకంటే టిఫా స్కాన్ తర్వాత రెండో అభిప్రాయానికి, ఏడ్చుకోవడానికి, ఆలోచించుకోవడానికి కొన్ని రోజులు మిగులుతాయి. సంతకం ఎవరిది అన్న దానిమీద మాత్రం రాజీ పడలేను. మన చట్టంలో ఇప్పటికీ నేరం నేరంగానే ఉంది, కొత్త న్యాయసంహితలో 312 పోయి 88 వచ్చింది, మాట మారలేదు. అందుకే డాక్టర్లు భయపడి కోర్టుకు పంపుతారు, ఆడవాళ్లు భయపడి మెడికల్ షాపుకు పోతారు. 2015లో దేశంలో జరిగిన ఒక కోటీ 56 లక్షల గర్భస్రావాల్లో 73 శాతం ఆసుపత్రి బయట మాత్రలతోనే అని లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. షా కమిటీ చూసిన గోడ ఇంకా ఉంది, జనం ఇంకా పక్కనుంచే పోతున్నారు.

ఇక్కడున్నవాళ్లకు రెండు మాటలు. ఆ మాత్రలు ఊరినుంచి తెచ్చుకోకండి, ఎవరికోసమూ తేకండి. ఇక్కడ తనంతట తాను గర్భం తీసుకున్న ఆడమనిషికి మూడేళ్ల దాకా జైలు ఉంది. పెళ్లి కాకుండా గర్భం వస్తే ఆ సంగతే వేరే కేసు అవుతుంది. స్కాన్‌లో ఏదైనా తేడా చెప్తే ఆ రోజే తేదీలు లెక్కపెట్టుకోండి. ఇళ్లలో పనిచేసే అక్కలకు 2020 నుంచి ఎగ్జిట్ పర్మిట్ అక్కర్లేదు కానీ యజమానికి 72 గంటల ముందు చెప్పాలి, ఆ మూడు రోజులూ లెక్కలో వేసుకోండి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు మూడో నెలలో తీసిన మొదటి స్కాన్ కాగితం తప్పకుండా పట్టుకెళ్లండి. వారాలు తేల్చేది అదే. అది చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి, హ్యాండ్‌బ్యాగులో పాస్‌పోర్టు పక్కన పెట్టండి.