గోదావరి రేవుల్లో పులస అమ్మకం

పులస పుట్టేది నదిలో, పెరిగేది సముద్రంలో. బంగాళాఖాతంలో తిరిగే విలస వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే ఆ వరదకు ఎదురీది ఏట్లోకి ఎక్కుతుంది. ఏట్లో వలకు పడ్డ విలసనే గోదావరి జిల్లాల వారు పులస అంటారు. బెంగాలీల ఇలిష్ కూడా ఇదే చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చు వేయించిన గంగానది చేపల గ్రంథంలో దీని మొదటి శాస్త్రీయ వర్ణన ఉంది. ఇప్పుడు దీని శాస్త్రనామం టెన్యులోసా ఇలీషా.

కుటుంబాన్ని బట్టి చూస్తే ఇది కవళ్లకు చుట్టం, నడత మాత్రం సాల్మన్‌ది. ఉత్తర అమెరికా, ఐరోపా నదుల్లో సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికే సముద్రం వదిలి నది ఎక్కుతుంది. పసిఫిక్ సాల్మన్లలో చాలా రకాలు గుడ్లు పెట్టగానే చనిపోతాయి, పులస మాత్రం తిరిగి సముద్రానికి పోతుంది. సముద్రంలో ఒంటికి పట్టిన కొవ్వే ఈ ఎదురీతకు బలం. ఆ కొవ్వు వల్లనే పులసకు అంత రుచి. నీళ్లలోంచి తీసిన కొద్దిసేపటికే ప్రాణం విడిచే చేప, పైగా కొవ్వు ఎక్కువ కాబట్టి త్వరగా పాడవుతుంది. ఐసు వాడకం రాక ముందు పులస తినాలనుకున్నవారు రేవుకు వెళ్లి పడవ దగ్గర కొనుక్కోవలసి వచ్చేది, లేదా పొద్దున్నే గంపతో ఇంటి ముందుకొచ్చే పల్లెకారుల ఆడవారి దగ్గర తీసుకోవలసి వచ్చేది.

జులై నుంచి సెప్టెంబరు దాకా పులస కాలం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలుగా చీలి సముద్రం చేరుతుంది. అంతర్వేది, యానాం వైపు నుంచి చేపలు ఈ పాయల్లోకి ఎక్కుతాయి. జాలర్లు ఇద్దరు ముగ్గురు నాటు పడవలో బయలుదేరి, పాయకు అడ్డంగా వల వదిలి, నీటివాలుకు పడవతో పాటు దాన్ని సాగనిస్తారు. వరద ఉరవడిలో ఇది ప్రాణాలతో చెలగాటం. దుంగలు కొట్టుకొస్తాయి, వలలు చిరుగుతాయి, ఒక్క చేపా పడకుండా ఒడ్డుకు చేరే రోజులే ఎక్కువ. రేవులో అడిగే ధరలో ఆ ఖాళీ రోజుల కూలి కూడా కలిసి ఉంటుంది.

ఈ వ్యాపారం రూపురేఖలు మార్చినది ఆనకట్ట. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా కట్టిన ఆ గోడ డెల్టాను సస్యశ్యామలం చేసింది, పులస దారిని మాత్రం మూసింది. వరద బాగా పొంగి నీరు ఆనకట్ట మీదుగా పొర్లినప్పుడే చేపకు పైకి వెళ్లే వీలు చిక్కేది. మిగతా రోజుల్లో ఎగబాకి వచ్చిన చేపలు గోడ కిందే తచ్చాడేవి, జాలర్ల పడవలూ అక్కడికే చేరేవి. అలా ధవళేశ్వరం, బొబ్బర్లంక పరిసరాలు పులసకు పేరుపడ్డాయి. కొనేవారికి ఇది అనుకూలమైంది కానీ, గుడ్లు పెట్టకముందే వలల పాలయ్యే తల్లిచేపల సంఖ్య పెరిగింది.

ఈ నష్టం ఆనాడే గుర్తించారు. నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు చేపల రాకపోకలకు చేస్తున్న హానిని 1867లో స్వయంగా కాటనే ప్రభుత్వం దృష్టికి తెచ్చారు. విచారణ బాధ్యత మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డేకు అప్పగించారు. ఆయన 1873లో మంచినీటి చేపల మీద ఇచ్చిన నివేదికలో ఆనకట్టల్లో చేపలకు దారులు ఉంచాలని వాదించారు. ఫ్రెడరిక్ నికల్సన్ చొరవతో 1907లో మద్రాసులో మత్స్యశాఖ కార్యాలయం ఏర్పడింది. ఆ తొలి ఏళ్లలోనే తమిళనాట కావేరి పాయ అయిన కొల్లిడం దిగువ ఆనకట్ట దగ్గర విలస గుడ్లను కృత్రిమంగా పొదిగించే ప్రయత్నం జరిగింది. అక్కడ కట్టిన చేపల దారి మాత్రం అనుకున్నంతగా పనికి రాలేదు.

కావేరిలో విలస కథ గోదావరి కంటే విషాదంగా ముగిసింది. 1836లో కాటన్ కొల్లిడం మీద కట్టిన ఆనకట్టలతో మొదలైన అడ్డంకి 1934లో మెట్టూరు డ్యాముతో పూర్తయింది. వానాకాలపు వరదనీరు స్టాన్లీ జలాశయంలో నిలిచిపోవడంతో, నదిలోకి రమ్మని విలసకు కబురు పెట్టే ఎర్రనీటి ఉరవడి దిగువన తగ్గింది. దానితో పాటే చేపా తగ్గింది. ధర్మపురి జిల్లాకు పడమటి అంచున, ఆ జలాశయానికి ఎగువన హొగెనక్కల్ ఉంది. పడవ దగ్గర చేప కొనే అలవాటు అక్కడ ఇప్పటికీ సజీవం. పుట్టుల్లో వెళ్లి పట్టి తెచ్చిన చేపను ఒడ్డునే అమ్ముతారు, అక్కడి ఆడవారు దాన్ని శుభ్రం చేసి, కారం పట్టించి, అప్పటికప్పుడు వేయించి ఇస్తారు. అవి నదిలోనూ జలాశయంలోనూ పెరిగే మంచినీటి చేపలు. సముద్రం నుంచి ఎక్కివచ్చే చేపకు మెట్టూరు గోడ దాటి ఆ రేవుకు చేరే దారి లేదు.

మరికొన్ని నదుల్లోనూ ఇదే జరిగింది. 1975లో ఫరక్కా బ్యారేజి పనిచేయడం మొదలయ్యాక, ఒకప్పుడు అలహాబాదు దాకా ఎక్కిన ఇలిష్ గంగ ఎగువ రేవుల నుంచి దాదాపు కనుమరుగైంది. అమెరికాలోని కొలంబియా నది మీద 1938లో ప్రారంభమైన బోన్‌విల్ డ్యాముకు సాల్మన్ ఎక్కడానికి మెట్లు కట్టారు. అదే నది మీద 1940ల ఆరంభంలో పూర్తయిన గ్రాండ్ కూలీ డ్యాముకు అలాంటి దారి పెట్టలేదు, దాంతో ఎగువ తెగలవారి సాల్మన్ వేట ఆగిపోయింది.

గోదావరి మీద పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజి పూర్తయింది. దిగువ పాయల్లో పులస ఇంకా వస్తూనే ఉంది, వచ్చేది తక్కువ, కోరేవారు ఎక్కువ. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఒకప్పుడు రుచి గురించి, ఇప్పుడు ధరకూ సరిపోతుంది. యానాం రేవులో కిలోన్నర, రెండు కిలోల చేప ఒక్కటే ఇటీవలి వానాకాలాల్లో ఇరవై వేల రూపాయల దాకా పలికింది. చేప ఒడ్డుకు రాగానే వేలం పెడతారు. పాడుకునేవారిలో చేపలమ్మే ఆడవారే ముందుంటారు, వారి దగ్గర కొంత లాభానికి ఊరివారు కొనుక్కుంటారు. శెన ఉన్న చేపకు గిరాకీ మరీ ఎక్కువ. వలకూ పడవకూ వ్యాపారి దగ్గర ముందే డబ్బు తీసుకున్న జాలరి తన చేపను ఆ వ్యాపారికే ఇవ్వాలి. అలాంటి పడవ నుంచి నేరుగా కొనడం సాధ్యపడదు, ధర ఎంత పెరిగినా లాభం జాలరికి అంతగా అందదు.

ధర పెరిగేకొద్దీ మోసమూ పెరిగింది. ఒడిశా, బెంగాల్ తీరాల నుంచి ఐసులో వచ్చిన విలసను గోదావరి పులసని చెప్పి వంతెనల దగ్గర అమ్మడం మామూలైంది. తెలిసినవారు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, వేలితో నొక్కి కండ బిగువు చూస్తారు, పొలుసు మీద వెండి మెరుపుతో పాటు పసుపు ఛాయ ఉందేమో గమనిస్తారు. ఇవన్నీ చేప తాజాదనాన్ని చెబుతాయి, ఏ నీటి చేపో ఖాయంగా చెప్పలేవు. వలలోంచి తీస్తుండగా కొన్నప్పుడే ఆ అనుమానం తీరుతుంది. ఇంటికి తెచ్చిన పులసను మట్టిదాకలో, కట్టెల పొయ్యి మీద, చింతపండు పులుసులో బెండకాయలు వేసి సన్నని సెగన ఉడికిస్తారు. ఆ రాత్రి ఉంచి మర్నాడు తింటేనే రుచి అంటారు. ముళ్లు లెక్కలేనన్ని, అందుకే నిదానంగా తినవలసిన కూర.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. పులస నది ఎక్కే నెలలు ఆ గడువు తర్వాతే వస్తాయి. శెన చేపకు ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారు, వచ్చే ఏటి చేపకు కూడా ధర కట్టేస్తున్నట్టే. రేవులో పులస అమ్మకం సాగాలంటే మొదటి వరదనీరు సముద్రం దాకా పారాలి, తల్లిచేపల్లో కొన్నయినా వలలు తప్పించుకుని గుడ్లు పెట్టాలి. కావేరిలో మొదటిది తప్పింది, గోదావరిలో ఆ రెండూ ఇంకా మనుషుల చేతుల్లోనే ఉన్నాయి.